బండి నిలిచిన చోట



ఉద్యోగము విరమించిన మరునాడు మనిషిని అందరును అడుగు ప్రశ్న ఒకటి ఉన్నది: “ఇక ఏమి చేయుదురు?” మన ప్రాంతమున దీనికి వాడుకగా చెప్పు సమాధానములు రెండే. కాశీ రామేశ్వరములు చూచి వత్తుమని కొందరు, మనుమలను ఆడించుకొందుమని కొందరు. రెండును మంచివే. కాని యాత్ర నెల దినములలో ముగియును. మనుమలు నాలుగేండ్లలో బడికి పోవుదురు. ఆ మీదట మిగులు పదేండ్ల మాట ఏమి? ఈ ప్రశ్నకు ఆదోనిలో నేనెరిగిన ఒక అయ్యవారు తమకు తోచిన సమాధానము కనుగొన్నారు. దానిని గూర్చి ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచినాను.

ఆయన ఉన్నత పాఠశాలలో 32 ఏండ్లు డ్రాయింగు బోధించినారు. ఆ కాలమంతయు ఆయన గీసినవి నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసినవే: మామిడికాయ, కూజా, పూరిల్లు, దాని వెనుక రెండు కొండలు, కొండల నడుమ సూర్యుడు. గంట మ్రోగగానే అన్నియు తుడిచివేయవలసినవే. పదవీ విరమణ చేసిన యేడు ఆయన సామానులు మోయు పాత వ్యాను ఒకటి కొన్నారు. లోపల ఒక ప్రక్క పడుకొనుటకు చెక్కబల్ల వేయించినారు. బల్ల క్రింద కాగితములకు, రంగులకు సొరుగులు పెట్టించినారు. రెండవ ప్రక్క చిన్న పొయ్యి, రెండు నీళ్ళ క్యానులు. ప్రక్క తలుపు పైకెత్తి గుంజ పెట్టినచో అదియే పందిరి. ఇంతే ఆ వాహనపు వైభవము. ఊరివారు నవ్వినారు. కుమారుడు నవ్వలేదు, కోపించినాడు. “ఈ వయస్సులో రోడ్ల వెంట తిరుగుట ఏమి నాయనా? ఎక్కడైన పడిపోయినచో ఎవరు చూతురు?” అన్నాడు. ఆ మాటలో కోపము కన్న భయము ఎక్కువ. చివరకు ఒక ఒప్పందము కుదిరినది. అమ్మగారు వెంట ఉండవలెను. ప్రతి సాయంకాలము ఎక్కడ నిలిచినదియు ఫోనులో చెప్పవలెను. రాత్రివేళ బండి నడుపరాదు. ఆరేండ్లుగా ఈ మూడు నియమములు తప్పలేదు.

కార్తీకమాసమున బయలుదేరుదురు, శివరాత్రికి ఇల్లు చేరుదురు. గడచిన మాఘమున నేను వారితో నాలుగు దినములు గడపినాను. మొదటిదినముననే నా అజ్ఞానము బయటపడినది. “దినమునకు ఎంత దూరము పోవుదురు?” అని అడిగినాను. ఆయన అమ్మగారి వంక చూచి నవ్వినారు. ఆదోని నుండి ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. ఆ దూరము పోవుటకు వారికి ఆ యేడు పదునెనిమిది దినములు పట్టినదట. “బండి పోవుటకు కాదయ్యా, నిలుచుటకు” అన్నారు అయ్యవారు.

ఇల్లును చక్రముల మీద పెట్టుకొని పోవుట మనకు కొత్త గాదు. శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్న దర్శనమునకు బియ్యము, కుండలు, చాపలు వేసికొని గూడుబండ్లు కట్టుకొని పోయిన దినములు ఎరిగిన పెద్దలు ఇంకను మనలో ఉన్నారు. ఇతర దేశములలో చిత్రకారులు ఈ వసతిని తమ పనికి మలచుకొన్నారు. ఫ్రాన్సులో దోబిన్యీ అను చిత్రకారుడు 1857లో ఒక పడవ మీద గది కట్టించుకొని నదులలో తిరుగుచు ఒడ్డుల చిత్రములు వ్రాసినాడు. ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అను విశ్రాంత నౌకాదళ వైద్యుడు 1885లో గుర్రములు లాగు ఇల్లొకటి కట్టించుకొని స్కాట్లండులోని ఇన్వర్నెస్ వరకు పోయినాడు. వినోదయాత్రకై బండి కట్టించుకొన్నవారిలో ఆయన మొదటివాడని చెప్పుదురు. అమెరికాలో జార్జియా ఓకీఫ్ తన ఫోర్డు కారు లోపలి సీట్లను మార్చుకొని, న్యూ మెక్సికో ఎడారి ఎండలో కారునందే కూర్చుండి చిత్రములు వేసినది. మన దేశమున కేరళ ప్రభుత్వము 2021లో ఇట్టి బండ్ల యాత్రలకు ప్రత్యేకముగ ఒక విధానమునే ప్రకటించినది. ఆరుబయట రంగులతో పనిచేయుట ఇంత సులభమైనదనిన దానికి కారణము ఒక చిన్న వస్తువు. 1841లో జాన్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు నొక్కినకొలది రంగు వచ్చు తగరపు గొట్టమునకు పేటెంటు పొందినాడు. అంతకుముందు నూనెరంగులు పంది మూత్రకోశపు సంచులలో మోసికొని పోవలసి వచ్చెడిది.

ఇక ఋతువు మాట. మన పడమటి తాలూకాలలో ఎండకాలము కుంచెకు పనికిరాదు. వైశాఖమున కాగితము మీద నీటిరంగు పూసినచో రెండవ పూత కలియకమునుపే మొదటిది ఆరిపోవును. కార్తీకము మొదలు మాఘము వరకు గాలిలో కొంత తేమ ఉండును, సూర్యుడు దక్షిణముగ వాలి నడచును; కావున నీడలు పొడవుగ పడును. నీడ లేనిదే కొండకు రూపము లేదు. పైగా ఆ నెలలలో నల్లరేగడి చేలు ఒకటే రంగున ఉండవు. పత్తి పగిలి తెల్లనగును, కంది పండి గోధుమరంగగును, జొన్న ఇంకను పచ్చగ ఉండును, శనగ నేలనంటి బూడిదవన్నె ఆకుపచ్చగ ఉండును.

ఆదోని కొండలను గూర్చి నేను చిన్నప్పటినుండి ఒకటే మాట వినుచు వచ్చినాను: రాళ్ళు, గుండ్లు, అంతే. ఈ గుండ్లు సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి నల్లరాతి జాతివి. రాతిలోని పగుళ్ళ వెంట నీరు దిగి, మూలలు అరిగి, ఒకదానిపై ఒకటి పేర్చినట్లు మిగిలినవి. వాటి మీద కోటగోడలు పాకినవి. విజయనగరపు రోజులలో బలమైన ఈ దుర్గమును 1568లో బిజాపూరు సుల్తాను పట్టుకొన్నాడు. సిద్ది మసూద్ ఖాన్ ఏలుబడిలో క్రింద జామీ మసీదు లేచినది. 1786లో టిప్పు సుల్తాను కోటను గెలిచినాడు. 1800లో ఈ సీమ కుంపిణీవారి చేతికి పోయినది. ఇన్ని చేతులు మారినను కొండ రంగు మారలేదని మనము అనుకొందుము. అయ్యవారి ప్రక్కన తెల్లవారుజామున కూర్చుండి చూచినప్పుడు నాకు తెలిసినది, అది గంటకొక రంగు మారుచున్నదని. ఆరుగంటలకు గుండ్లు పావురపు మెడవలె ఉన్నవి. ఏడు కొట్టునప్పటికి తూర్పు ముఖమున లేత గులాబివన్నె వచ్చినది. తొమ్మిదింటికి అన్నియు తెల్లబోయినవి. ఆయన పెట్టె మూసివేసినారు. “ఇక సాయంకాలము నాలుగింటి వరకు ఇక్కడ బొమ్మ లేదు” అన్నారు.

ఆయన పద్ధతి చెప్పుదును. శ్రోతలలో కుంచె పట్టదలచినవారికి ఉపయోగపడవచ్చును. ఒక చోట రెండు గంటలకు మించి వ్రాయరు. గంటకు 15 డిగ్రీల చొప్పున సూర్యుడు జరుగును. రెండు గంటలలో నీడలన్నియు చోటు మారును. అందుచేత ముందుగ నీడలనే పెట్టుదురు, వస్తువులను తరువాత. పత్తికి తెల్లరంగు వాడరు. కాగితమును అట్లే విడిచిపెట్టి చుట్టును రంగు నింపుదురు. ఇప్పుడు ఆయన చేయి కొంచెము వణకుచున్నది. దానికై కాగితము చిన్నది చేసికొన్నారు, కుంచె పెద్దది చేసికొన్నారు. “సన్నని గీత వణకును, వెడల్పైన పూత వణకదు” అని ఆయన సూత్రము. సొంతముగ పెట్టెలో ఉన్న రంగులు ఏడే. పసుపుమన్ను, కావిరంగు, నీలి, ఈ మూడింటితోనే ఆదోని కొండలు మూడుపాళ్ళు పూర్తియగునట.

బొమ్మ ముగియగానే కాగితమును అమ్మగారికి అందింతురు. ఆమె వెనుకవైపున తేది, తిథి, వేళ, ఊరు, గాలి ఎటునుండి వీచుచున్నదియు వ్రాసి ఒక సంఖ్య వేయును. ఈ వాడుక విని నాకు ఎడ్వర్డ్ లియర్ జ్ఞాపకము వచ్చినాడు. ఆయన ఇంగ్లండు చిత్రకారుడు. కంటిచూపు మందము, మూర్ఛరోగము చిన్ననాటినుండి ఉన్నది. 61 ఏండ్ల వయస్సున, 1873 నవంబరులో బొంబాయిలో దిగి, 1875 జనవరి వరకు మన దేశమంతయు రైలుమీద, గుర్రపు బండిమీద, ఎద్దుబండిమీద తిరిగినాడు. నమ్మకమైన సేవకుడు జార్జియో వెంట ఉండెను. ఎక్కడ ఆగినను పెన్సిలుతో రేఖ గీసి, ఎక్కడ ఏ రంగో మాటలలో వ్రాసికొని, తేది, వేళ, సంఖ్య వేసెడివాడు. రంగులు తీరికగ తరువాత నింపెడివాడు. మలివయస్సున జ్ఞాపకమును నమ్ముకొనరాదు, కాగితమునే నమ్మవలెనని ఆయనకు తెలియును. ఇంత వయస్సున కొత్తగ కుంచె పట్టుట సాధ్యమా అని సందేహించువారికి మన రవీంద్రనాథుడు చాలును. 60 దాటిన తరువాతనే ఆయన చిత్రకళలో మునిగినాడు. 1930లో 69వ యేట పారిస్ నగరమున తన చిత్రములను ప్రదర్శించినాడు.

కన్ను సంగతి కూడ చెప్పవలెను. మూడేండ్ల క్రిందట అయ్యవారి చిత్రములలో ఆకాశము మట్టిరంగునకు తిరిగినదట. ఆయనకు తెలియలేదు. అమ్మగారే ఒకనాడు, “ఏమండీ, మీ ఆకాశము పండుటాకువలె ఉన్నది” అన్నారు. ఆసుపత్రిలో చూపించగా శుక్లము. కంటిలోని కటకము ముదిరి పచ్చబడినకొలది నీలివన్నె లోపలికి చేరదు. ఫ్రెంచి చిత్రకారుడు మోనేకు ఇదే జరిగినది. ఆయనకు 82వ యేట, 1923లో శస్త్రచికిత్స చేసినారు. అయ్యవారికి చికిత్స జరిగి కట్టు విప్పిన నాడు ఆయన మొదట చూచినది ఆసుపత్రి కిటికీకి ఆనుకొన్న ఆకాశమును. “ఇంత నీలము ఇన్నేండ్లు ఎక్కడ పెట్టినారే?” అని అమ్మగారిని అడిగినారట. మట్టిరంగు ఆకాశములను మాత్రము ఆయన దిద్దలేదు. “అప్పుడు నాకు కనబడినది అదే కదా” అన్నారు.

ఈ మాట నాకు రెండవసారి వినబడినది ఎమ్మిగనూరు దాటిన తరువాత.

ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేతకారుల సహకార సంఘమును స్థాపించినారు. ఆ ఊరి దుప్పట్ల పేరు దూరదేశములకు పోయినది. మేము చేరునప్పటికి నీలకంఠేశ్వరస్వామి జాతర ముగిసి కొన్ని వారములైనది. రథము నిలిచియున్నది, బొమ్మల అంగళ్ళ గుంజల గుంటలు ఇంకను పూడలేదు. అక్కడ రెండు దినములుండి, తుంగభద్ర దిగువ కాలువ దాటి ఒక చిన్న పల్లె చేరినాము. ఊరి మొదట వేపచెట్టు క్రింద బండి నిలిపినాము. ఎదురుగ వరుసగ తొమ్మిది ఇండ్లు. ఎనిమిదింటికి తాళములు.

ఈ సీమవారికి కారణము చెప్పనక్కరలేదు. సుగ్గి. వాన చాలక చేను పండని యేడు, పండినను అప్పు తీరని యేడు, పల్లెలకు పల్లెలు మూటలు కట్టుకొని గుంటూరు వైపు మిరపకోతలకు, తెలంగాణమునకు పత్తి తీయుటకు పోవును. పిల్లలు బడి మాని వెంట పోవుదురు. ఊరిలో మిగులువారు ముసలివారు, పోలేనివారు. ఒక చక్రముల ఇంటిలో మేము సరదాగ ఆ ఊరికి వచ్చినాము. ఆ ఊరివారు కూటికై ఇండ్లు విడిచి రోడ్లు పట్టినారు. ఆ తాళములను చూచినప్పుడు మా బండి నాకు కొంత సిగ్గు కలిగించినది. ఆ మాట అయ్యవారితో అన్నాను. ఆయన వెంటనే బదులు చెప్పలేదు, బొమ్మ మొదలుపెట్టినారు.

తాళము లేని తొమ్మిదవ ఇంటి అరుగు మీదినుండి ఒక అవ్వ లేచి వచ్చినది. వెనుక నిలువబడి చాలసేపు చూచినది. “ఏమి సామీ, ఈ మూసిన ఇండ్లలో ఏముందని బొమ్మ గీస్తాండావు?” అన్నది. తరువాత ఒక ఇంటిని వ్రేలితో చూపినది. అది ఆమె కొడుకుది. కొడుకు, కోడలు, ఇద్దరు మనుమలు సంక్రాంతి ముగియగానే పోయినారు. “అది తెరిచినట్టు గీయి సామీ. మూసినట్టు చూడలేకుండాను.”

నేనైనచో గీసియుందును. ఒక తలుపు తెరచినట్లు చూపుటకు రెండు కుంచె పూతలు చాలును. అయ్యవారు కుంచె క్రింద పెట్టి, “అవ్వా, ఇప్పుడు మూసే ఉంది కదా. మూసినది మూసినట్లే రాస్తా. నీ కొడుకు ఎప్పుడు వస్తాడు?” అని అడిగినారు.

“ఉగాదికి.”

“ఉగాదికి నేనూ వస్తా. తెరిచినది తెరిచినట్లు రాస్తా.”

అవ్వ నమ్మినట్లు లేదు. ఓట్లవేళ వచ్చిపోవువారి మాటలను వినివిని యుండును. తలయూపి పోయినది. అమ్మగారు మాత్రము ఆ కాగితము వెనుక తిథి, వేళ వ్రాసి, దాని క్రింద “ఉగాది” అని మరియొక మాట వ్రాసినారు.

మరునాడు నేను సెలవు ముగిసి తిరిగి వచ్చితిని. శివరాత్రికి వారు ఇల్లు చేరినారని విన్నాను. ఉగాది నాటికి ఎండ ఎట్లుండునో మీకు తెలియును; ఆరేండ్లలో ఆ నెలలో వారి బండి కదలలేదు. ఇటీవల ఆదోనికి పోయి వారింట కాఫీ త్రాగుచుండగా గోడ మీద రెండు చిత్రములు కనబడినవి. ఒకటి నేనెరిగినది: పొడవైన నీడలు, వరుసగ తాళములు. రెండవదానిలో నీడలు పొట్టివి, ఎండ తెల్లనిది, రంగు అక్కడక్కడ తొందరగ ఆరి అంచులు కట్టినది. చిత్రముగ చూచినచో మొదటిదే మేలైనది. కాని రెండవదానిలో గుమ్మములకు మామిడితోరణములు ఉన్నవి, అవ్వ చూపిన తలుపు తెరచియున్నది, గడప మీద ఒక పిల్లవాడు కూర్చున్నాడు. తొమ్మిది ఇండ్లలో ఆరు తెరచియున్నవి. మూడింటికి ఇంకను తాళములే. వాటిని కూడ ఆయన ఉన్నట్లే వ్రాసినారు.

“అవ్వకు చూపినారా?” అని అడిగినాను.

“చూపకేమి? ఆ మూడిండ్లవారి పేర్లు ఆమెయే చెప్పినది. మీ అమ్మ వెనుక వ్రాసింది” అన్నారు.

నా సిగ్గుకు ఆయన బదులు అప్పుడు దొరికినది. తీరికతో తిరుగువాడు, కూటికై తిరుగువాని కష్టమును తీర్చలేకపోవచ్చును. కాని త్వరపడనక్కరలేనివాడు కనుక నిలిచి చూడగలడు, చూచినదానిని అందముకొరకు మార్చక వ్రాయగలడు, చెప్పిన వేళకు తిరిగి రాగలడు. ఉద్యోగమున ఉన్నప్పుడు మనకు లేనివి ఈ మూడే. పింఛనుతో పాటు ఇవి కూడ వచ్చుచున్నవని మనము లెక్కలో వేసికొనము.

శ్రోతలలో ఎందరికి వ్యాను కొను శక్తి ఉండును? అక్కరలేదు. ఎమ్మిగనూరు బస్సులో ఒక మడతకుర్చీ, ఒక అట్ట, ఒక రంగులపెట్టె పట్టును. మనుమడు సెలవునాడు స్కూటరు మీద దింపి సాయంకాలము తీసికొనిపోవచ్చును. అయ్యవారు చెప్పుమని చెప్పిన జాగ్రత్తలు ఇవి. ఒంటరిగ పోవలదు. మందులు, రెండు లీటర్ల నీరు, వెడల్పు అంచు టోపీ మరువవలదు. ఎప్పుడును నీడన కూర్చుండవలెను. ఎండలో తెల్లకాగితము కంటిని బాధించును, రంగులను తప్పుగ చూపును. చేని గట్టు మీద కూర్చుండుటకు ముందు రైతు నడుగవలెను. రాత్రి నిలుచుటకు గుడి ముంగిలియో, పెట్రోలు బంకో చూచుకొనవలెను. కొండవాగు ప్రక్కన నిలువరాదు. ఎక్కలేని కొండను క్రిందినుండియే వ్రాయవలెను. అన్నిటికన్న ముఖ్యము, ఒకే చోటికి ఒక్కసారి పోయి మానరాదు. కార్తీకమున చూచినదానిని మాఘమున మరల చూడవలెను.

దానికై మీరు దూరము పోనక్కరలేదు. మీ ఇంటి వాకిట కుర్చీ వేసికొని, ఎదుటి గోడమీద నీడ తొమ్మిదింటికి ఎక్కడున్నదో రేపు ఉదయము చూడుడు. పదునొకండింటికి మరల చూడుడు. ఆ రెండింటి నడుమ జరిగినదానిని కాగితము మీద పెట్టుటకు చేయి ఉబలాటపడినచో మీ ప్రయాణము మొదలైనట్లే.